వాన రాదా, తాతా?

చదువ నేర్చినవానికి చదువరాని దినములు జ్ఞప్తికి రావు. నల్లని గీతలు మొట్టమొదట మాటలై పలికిన దినము మనలో పెక్కండ్ర స్మృతిపథమునుండి తొలగిపోయినది. అందువలననే కాబోలు, పసివాని చేతికి తొలి పుస్తకము నిచ్చునప్పుడు పెద్దలు తమకు సులభముగ తోచినదెల్ల వానికిని సులభమే యగునని తలంతురు. అ అనగా అమ్మ, ఆ అనగా ఆవు, ఇ అనగా ఇల్లు. ఇంతకంటె తేలికయైన పాఠమేముండునని వారి నమ్మకము. కాని ఆ పుటను ఒక్కసారి అచ్చులు మాత్రమే యెరిగిన పసివాని కన్నులతో చూడవలెను. 'అ' వానికి తెలిసినది, సరియే. తరువాతి యక్షరము మకారము. దాని క్రింద మకారపు వత్తు. ఆ వత్తు మకారమును ఏ మాత్రమును పోలి యుండదు. దానిని వాడు నేర్చుటకు ఇంకను ఎన్నియో నెలలు పట్టును. 'ఇల్లు' అనుటకు లకారమును, దాని వత్తును, కొమ్మును మూడును తెలియవలెను. పసివాని నోట తొలుత వెలువడిన మాటలు, వానికి ప్రాణప్రదములైన మాటలు, అమ్మ, నాన్న, అక్క, అన్న, అవ్వ, తమ్ముడు, చెల్లెలు, ఇవన్నియు ద్విత్వాక్షరములతో కూడినవే. నోటికి మొదట వచ్చిన మాటలే కంటికి కడపట అందుచున్నవి. తెలుగు పిల్లలకు చదువు చెప్పుటలో గల చిక్కులో చాల భాగము ఈ ఒక్క సంగతిలో ఇమిడి యున్నదని నా యభిప్రాయము.

ఇక బొమ్మల సంగతి. అక్షరమాల పుటలో ప్రతి మాట ప్రక్కను ఒక బొమ్మ యుండును. పిల్లవాడు బొమ్మను చూచి మాట చెప్పును. చెప్పినంతనే చదివినాడని మనము సంతసింతుము. రెండవ తరగతికి వచ్చిన బాలునిచేత నేనొకసారి 'ఈల' యను మాట చదివింపబోయితిని. ప్రక్కను నోట వ్రేళ్లుంచుకొని యీల వేయుచున్న కుర్రవాని బొమ్మ యున్నది. వాడు ఏ మాత్రమును తడబడక 'అబ్బాయి' అని చదివెను. నేను బొమ్మను అరచేత మూసితిని. అప్పుడు వాడు అక్షరముల వంక చూడలేదు. నా మొగము వంక చూచెను. జవాబు పెద్దల ముఖకవళికలలో దొరకునేగాని కాగితముమీద దొరకదని వాడు అప్పటికే నేర్చుకొని యున్నాడు. 'ఆ' కు ఎదురుగ ఆనపకాయ బొమ్మ వేసిన పుస్తకమును కర్నూలు పిల్లవాని కిచ్చినచో వాడు దానిని సొరకాయ యనును, వాని దోషమేమున్నది? ఈత నేర్చువాని నడుమునకు బెండు కట్టుట మంచిదే. కాని ఆ బెండును ఎన్నటికిని విప్పకుండుటచేత ఈతగాడు పుట్టడు. బొమ్మయు అట్టిదే. అది చదివిన మాటను ధ్రువపరచుటకు వెనుక రావలెనేగాని, చదువకముందే మాటను అందించుటకు ముందు నిలువరాదు.

మన పెద్దలు ఈ చిక్కు నెరుగనివారు కారు. వీధిబడి పంతుళ్లు తరతరములుగ పిల్లలచేత పాడించిన గుణింతమును శ్రద్ధతో వినినచో, అది వట్టి వల్లెవేత కాదనియు, ధ్వనికిని గుర్తునకును గల సంబంధమును బాగుగ నెరిగినవారు కూర్చిన బోధనాక్రమమనియు విశదమగును. 'కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి, గుడిదీర్ఘమిస్తే కీ, కకు కొమ్మిస్తే కు' అని పసివాడు పాడునప్పుడు, ఏ గుర్తు చేరినచో ఏ ధ్వని పుట్టునో ఒక్క యూపిరిలో చెప్పుచున్నాడు. ఆ సూత్రము కకారమునందు పట్టువడినచో గకారమునకును పకారమునకును అదియే వర్తించును. ఇంగ్లీషు పసివానికి ఇట్టి భాగ్యము లేదు. వాడు సి, ఏ, టి అని మూడు పేర్లు నేర్చును. ఆ పేర్లను ఎంత వేగముగ కలిపి పలికినను క్యాట్ అను మాట రాదు. మన కకారము పేరును 'క'యే, పలుకును 'క'యే.

అయినను గుణింతమునకు ఒక లోపము గలదు. అది దాని యనుక్రమమునందున్నది. తెలుగు మాటలలో అరుదుగ వచ్చు ఋత్వము, అడుగడుగున వచ్చు ఎత్వ ఏత్వములకు ముందు నిలిచినది. ఐత్వ ఔత్వములు దాటినగాని, నిత్యము కావలసిన సున్న చేతికి రాదు. ఏ తెలుగు మాటకును మొదట నిలువని ఙకారమునకు కూడ కొమ్ములును కొమ్ముదీర్ఘములును ఇచ్చి పాడవలసి వచ్చును. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి వేరొకటి: వరుసలో పాడగల పిల్లవాడు, వరుస తప్పించి అడిగినచో తెల్లబోవును. పలకమీద ఒంటరిగ 'కొ' వ్రాసి చూపినచో, 'క, కా, కి, కీ' అని పెదవులలో గొణుగుకొనుచు, వ్రేళ్లు మడచుచు దిగివచ్చి, పదునొకండవ మెట్టున దానిని కలిసికొనును. పాట వచ్చినది, చూపు రాలేదు. గుణింతమును మానవలెనని నేననను. పాట పాడిన ప్రతి గుర్తును వెంటనే మాటలలోను, వాక్యములలోను, చిన్న కథలోను ఎదురుపడునట్లు చేయవలెనని మాత్రమే నా కోరిక.

ఈ కొరత నేటిది కాదు. 1823లో బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ తన జిల్లాలోని స్వదేశీయ విద్యను గూర్చి మద్రాసు ప్రభుత్వమునకు ఒక నివేదిక వ్రాసెను. ఆయన తెలుగు వ్యాకరణమును, నిఘంటువును కూర్చిన పండితుడు కనుక, బడులలో జరుగునదేమో చెవిపెట్టి విని వ్రాయగలిగెను. నాడు ఆ జిల్లాలో 533 బడులుండెను. అయిదేండ్ల ప్రాయమున పిల్లవానిని బడిలో వేయుట, ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దించుట, ఇవి యన్నియు వర్ణించి, చివరకు ఆయన ఆక్షేపించినదేమనగా, పిల్లలు కంఠస్థము చేయు గ్రంథములు తాము నిత్యము మాటలాడు భాషలో గాక కావ్యభాషలో నుండుటచేత, అక్షరములను పలుకుటయే గాని అర్థమును గ్రహించుట వారికి సిద్ధించుట లేదని. మన ఇసుక చదువు నుండి పాశ్చాత్యులు గ్రహించినదియు కలదు. చెన్నపట్టణపు ఎగ్మూరులో అనాథబాలుర శరణాలయమును నడిపిన ఆండ్రూ బెల్, ఇచ్చటి వీధిబడి పిల్లలు ఇసుకలో వ్రాసికొనుట చూచి తన బడిలో ఆ పద్ధతి ప్రవేశపెట్టి, పెద్ద పిల్లలచేత చిన్న పిల్లలకు చెప్పించి, 1797లో దానిని గూర్చి లండనులో పుస్తకము ప్రచురించెను. అది మద్రాసు పద్ధతి యను పేర ఇంగ్లాండునందు వ్యాపించినది. అక్షరము నేర్పుటలో మన నేర్పు అంతటిది. అక్షరమునకును గ్రంథమునకును నడుమ మెట్లు కట్టుటలో మాత్రము మనము అశ్రద్ధ చేసితిమి. ఓనమాలు ముగిసిన పిమ్మట పిల్లవానిముందు నిలిచినది శతకమో, అమరమో, లేక కొన్ని తరములుగ మన యింటింట నిలిచిన పెద్దబాలశిక్షయో. పుదూరు సీతారామశాస్త్రిగారు సమకూర్చిన ఆ బాలశిక్షపై నాకు మిక్కిలి గౌరవము గలదు. కాని అది చదువ వచ్చినవానికి లోకజ్ఞానము నిచ్చు గ్రంథమేగాని, చదువును కూడదీసికొనుచున్న వానికి చేయూత నిచ్చు చిన్న పుస్తకము కాదు.

చిన్న పుస్తకమనగా నేను ఉద్దేశించునది ఇది: అప్పటికి నేర్చిన అక్షరములతోను, అప్పటికి నేర్చిన గుర్తులతోను మాత్రమే కూర్చిన మాటలు గలదై, నేర్వని గుర్తు నొక్కదానినైన కోరనిదై, ఎనిమిది పుటలకు మించక, పుటకొక వాక్యముతో, పసివాడు ఒక్క బిగిన కడదాక చదివి, పుస్తకము మూసి, 'నేను చదివాను' అని యింటికిపోయి చెప్పుకొనదగినది. ఆ మాట అబద్ధము కారాదు. ఊహించి చెప్పినది కాదు, వల్లించినది కాదు, తన కన్నులతో చూచి తన బుద్ధితో కూడబలికినది కావలెను. అట్టి పుస్తకమునకు భాషాసంపద తక్కువగ నుండును. ఆ లేమియంతయు పసివాని కొరకు బుద్ధిపూర్వకముగ వరించినది.

తలకట్టు అక్షరములతో మాత్రమే కథ చెప్పుట తెలుగున అసాధ్యమని అనేకులు చెప్పుదురు. మన మాటలలో అధికభాగము ఉకారముతోనో ఇకారముతోనో ముగియుటచేత, తల, వల, పలక, పడవ, గడప అని నామవాచకములను వరుస పేర్చవచ్చునేగాని వాక్యమును నిలుపుట కష్టము. నేనును చాలకాలము ఈ నామవాచకముల వరుసతోనే పని గడుపుచుండగ, ఒకనాడు వంటింటినుండి వచ్చుచున్న చప్పుళ్లు వినుచు మన భాషయందలి ఒక సంపద జ్ఞప్తికి వచ్చినది. గలగల, జలజల, గడగడ, టపటప, కరకర, తళతళ, గబగబ, మలమల, పకపక! మన ధ్వన్యనుకరణ పదములలో ఎన్ని కేవలము తలకట్టు అక్షరములతో ఏర్పడినవో చూడుడు. 'వడ కరకర. పలక తళతళ. పద గబగబ.' ఒక్క సున్న నేర్పినచో 'గంట గణగణ', 'ఎండ మలమల'. ఇందు పెక్కింట వ్యాకరణము కోరెడి క్రియ లేకపోయినను వాక్యమునకు కావలసిన ప్రాణమున్నది. 'వడ కరకర' అని చదివిన పిల్లవాని ముఖమునందు నవ్వు మొలకెత్తుట నేను చూచితిని. చదివినది వానికి తెలిసినది. తెలిసినదియే గాక నోరూరినది.

ఇక దీర్ఘము చేరినంతనే తెలుగు ఒక్కసారిగ మాటలాడుట మొదలిడును. పాప, తాత, మామ, బావ, వాన, పాట, ఆట, బాట, పాక. రా, రాదా, ఆగదా, పాడదా. 13 హల్లులును, ఆకారమును, ఒక్క దీర్ఘపు గుర్తును సాధనముగ గైకొని నేను మా బడి పిల్లలకొరకు అట్టల మీద వ్రాసిన కథ ఇది:

వాన రాదా, తాతా?
ఆ! పద, గబగబ పద.
వాన జలజల.
పాక టపటప.
తాతా, తడవవా?

ఈ కథలో గుడి లేదు, కొమ్ము లేదు, వత్తు లేదు. కాని ఇందు ఒక మనుమరాలున్నది, ఒక ముసలివాడున్నాడు, మబ్బు పట్టిన ఆకాశమున్నది, కారెడి పాక యున్నది, చివరకు ఒక బెంగ యున్నది. దీనిని మొట్టమొదట చదివినది ఒకటవ తరగతి బాలిక. ఇంట అక్షరమెరిగినవారు లేరు. బడిలో ఎప్పుడును నోరు విప్పనిది. వ్రేలు అట్టకు ఆనించి, 'వా... న... వాన' అని కూడబలికి, నా వంక చూచెను. 'కానీ తల్లీ' అంటిని. 'రా... దా... రాదా. తా... తా... తాతా.' మాటలన్నియు ఒకే స్థాయిలో, ఎత్తుపల్లములు లేక, వర్ణమాల పాడినట్లే వచ్చినవి. నేనేమియు దిద్దలేదు, ఇంకొక్కసారి చదువుమని మాత్రము చెప్పితిని. రెండవసారి వ్రేలు కొంచెము వడిగ కదిలెను. 'రాదా' యను చోట కంఠము దానంతట అది పైకి లేచెను. అప్పుడది చదువుట లేదు, అడుగుచున్నది. వాక్యము చివర నిలిచిన ప్రశ్నచిహ్నమును గూర్చి నేనా బిడ్డకు ఎన్నడును చెప్పియుండలేదు. కథ ముగించి, అట్ట దింపి, 'మాస్టారూ, తాత తడిసిపోయాడా?' అని నన్ను అడిగినది. అంతవరకు బడిలో అది నన్ను ఏమియు అడిగి యెరుగదు.

ధ్వనులను కూడబలుకుటచేత చదువు యాంత్రికమగునని వాదించువారికి నేను చూపదగిన ప్రమాణము ఇంతకంటె వేరొకటి లేదు. కూడబలుకుట మొదటి పఠనములో జరుగును. అర్థము రెండవ పఠనములో కంఠమునందు పలుకును. రెండవ పఠనమునకు పిల్లవానియందు శక్తి మిగులవలెనన్నచో, మొదటి పఠనములో వాని శక్తియంతయు ఖర్చు కారాదు. చిన్న పుస్తకము చేయు ఉపకారము ఇదియే.

ఇంగ్లీషు మాటలాడు దేశములందు ఈ విషయమై చాల పెద్ద వివాదము నడచినది. అమెరికా బడులలో మాటను అక్షరములుగ విడదీయక, దాని రూపమంతటిని ఒక చిత్రమువలె చూచి గుర్తుంచుకొనవలెనను పద్ధతి ప్రబలి యున్న కాలమున, 1955లో రుడాల్ఫ్ ఫ్లెష్ అను రచయిత జానీకి చదువు రాకపోవుటకు కారణమేమని ప్రశ్నించుచు ఒక గ్రంథము వ్రాసి, అక్షరధ్వనులు నేర్పకపోవుటయే కారణమని ఘోషించెను. 1957లో డాక్టర్ స్యూస్ అను కలంపేరుగల రచయిత, టోపీ పెట్టిన పిల్లి కథను కేవలము 236 వేర్వేరు మాటలతో వ్రాసి, కొలది మాటలతో కూడ పిల్లలను కట్టిపడవేయవచ్చునని నిరూపించెను. 1967లో జీన్ చాల్ అను విదుషి అంతవరకు జరిగిన పరిశోధనలనెల్ల పరిశీలించి, ప్రారంభదశలో ధ్వనులను క్రమముగ నేర్పు పద్ధతియే మేలైన ఫలితము నిచ్చుచున్నదని తేల్చెను. ఇంగ్లాండునందు 2012 మొదలు అయిదారేండ్ల పిల్లలకు ఒక చిన్న పరీక్ష పెట్టుచున్నారు. అందు 40 మాటలుండును. వానిలో సగము అర్థములేని మాటలు. వినుటకు వింతగ నున్నను దాని యుద్దేశము చక్కనిది. అర్థమున్న మాటను ఊహించి చెప్పవచ్చును. అర్థములేని మాటను చదివియే చెప్పవలెను.

మన పల్లెలలోని పిల్లలు నేడు తెలుగుతోపాటు ఇంగ్లీషునుకూడ ఒకటవ తరగతినుండియే నేర్చుచున్నారు గనుక, ఆ వివాదము మన గడపలోనికిని వచ్చినది. ఇరువదియారు అక్షరముల పేర్లును తడుముకొనక చెప్పుచు, 'పిన్' అను మూడక్షరముల మాటను చదువలేని పిల్లలు ఎందరో కలరు. వారికి నేను చెప్పునది తెలుగు పొల్లు సాయముననే. ప్, ఇ, న్: పొల్లు హల్లు అనునది తెలుగు పిల్లవానికి క్రొత్త కాదు. ఇంగ్లీషు అక్షరము పేరు మరచి దాని పొల్లు పలుకుమనినచో, వాడు పూటలో గ్రహించును. తరువాత మిగులునది ఒక్క కష్టము: మన నోరు మాట చివర అచ్చును కోరును, బస్సు, కారు, పెన్ను అని ఉకారము చేర్చినగాని మనకు మాట ముగిసినట్లు తోచదు. అందుచేత 'పిన్ను' అని చదివిన పిల్లవానిని కోపించుట తగదు. వాడు సరిగ చదివి, తన భాషలో పలికినాడు.

ఈ పద్ధతిపై వచ్చు ఆక్షేపణలలో ఒకటి నాకు మిక్కిలి ఆదరణీయముగ తోచును. ఇట్టి పుస్తకములు నిస్సారములని, తాత, పాక, వాన వంటి నాలుగు మాటలతో పసిమనసును కట్టివేయుట అన్యాయమని, పిల్లలకు తొలినుండియు రసవంతములైన కథలు కావలెనని కొందరు చెప్పుదురు. కథలు కావలెను, నిశ్చయముగ కావలెను. కాని పిల్లవాడు వినెడి కథ వేరు, చదివెడి కథ వేరు. వినెడి కథకు ఎల్లలు లేవు; రామాయణము చెప్పుడు, భారతము చెప్పుడు, చందమామ పాత సంచికలు తెచ్చి రాక్షసులను రాకుమారులను వాని కన్నులముందు నిలుపుడు; వానికి తెలియని మాట వచ్చినను వెరవవలదు, కథాప్రవాహములో అదియే తెలియును. అయిదేండ్లవాని వినికిడి అయిదేండ్లది, వాని చదువు అయిదు వారములది. ఆ రెంటికిని ఒకే పుస్తకము నియ్యబోవుటచేతనే మన వాచకములు వినుటకు చప్పగను, చదువుటకు కఠినముగను తయారగుచున్నవి.

అదియుగాక, మాటలు తేలికయైనంతమాత్రమున విషయము తేలిక కానక్కరలేదు. నెల్లూరు జిల్లాలో 1990 దశకపు తొలినాళ్లలో వయోజనులకు అక్షరములు నేర్పు ఉద్యమము ఊరూర సాగినది. పగలెల్ల పొలములో పాటుపడి, రాత్రి లాంతరుదగ్గర కూర్చున్న స్త్రీలకు ఇచ్చిన వాచకములో సీతమ్మ కథ యను పాఠముండెను. త్రాగుడుచేత గుల్లయైన సంసారమును గూర్చిన కథ యది. అప్పుడప్పుడే అక్షరములు కూడదీసికొనుచున్న ఆ స్త్రీలు అందులో తమ యింటిని చూచుకొనిరి. 1992లో దూబగుంట గ్రామపు స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. ఆ యుద్యమము జిల్లానుండి జిల్లాకు ప్రాకి, 1993లో ప్రభుత్వము సారాను నిషేధించువరకు పోయినది. వాచకము నందలి ఒక పాఠమే దానిని సాధించెనని నేను చెప్పబోను. వారి దుఃఖమును, వారి ధైర్యమును అక్షరము పుట్టించలేదు. కాని, పసివాడు తేలికగ చదువగల వాక్యములో ప్రపంచమును కదలించెడి విషయము ఇమడదను వాదమునకు ఇది తగిన సమాధానము. ఆ పాఠము వ్రాసినవారు పాఠకుల జీవితమును ఎరిగి వ్రాసిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై యుండి, అడవిలోని సవరల భాషను తాను ముందు నేర్చి, వారి పిల్లలకు వారి మాటలతోనే వాచకములు వ్రాసి, బడులు పెట్టించిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఇంతకు పూర్వమే ఈ మార్గమున నడచిరి. ఆయన భాషోద్యమమును గూర్చి ఎంతో చెప్పుకొందుము. ఆ సవర వాచకములను గూర్చి అంతగ చెప్పుకొనము. నా దృష్టిలో రెండును ఒక్క శ్రద్ధనుండి పుట్టినవే.

గుడియు కొమ్మును వచ్చిన తరువాత కథలకు కొదువ యుండదు. కాకి, చిలుక, పాలు, ఏరు, ఊరు, పిలిచి, అడిగి, నడిచి. తెలుగంతయు తలుపులు తెరచుకొనును. అక్కడినుండి అసలు పరీక్ష వత్తులది. గ్గ, జ్జ, డ్డ మొదలైన వానియందు వత్తు మూలాక్షరమునకు చిన్న రూపమే కనుక పిల్లవాడు తానే పోల్చుకొనును. త, న, మ, య, ర, ల లకు అట్లు కాదు. వాని వత్తులు వేరు రూపము దాల్చినవి. వానిని ఒక్కొక్కదానిని పేరుపెట్టి పరిచయము చేయవలెను. సంయుక్తాక్షరములందు ఇంకొక సంకటము గలదు, దానిని పెద్దలు గమనింపరు. 'ప్రేమ' యను మాట చూడుడు. ఏత్వము పకారము నెత్తిన నున్నది. రేఫము క్రిందినుండి చుట్టుకొని వచ్చినది. కాని పలుకునప్పుడు ముందు పకారము, పిదప రేఫము, ఆ పిదప ఏకారము. కన్ను చూచు వరుస ఒకటి, నోరు పలుకు వరుస మరియొకటి. పిల్లవాడు దానిని 'పేర్మ' అని చదివినచో వాడు పొరపడలేదు. వాని కన్ను వరుస తప్పలేదు. 'స్త్రీ' యందు మూడు హల్లులు దాటినగాని గుడిదీర్ఘము పలుకదు, కాని అది మొదటి హల్లు మీదనే కూర్చున్నది. ఇట్టి మాటలను ఒకటి రెండు వాక్యముల నడుమ విసరివేసి పోవుట తగదు. క్రారవడికి ఒక పుస్తకము, యవత్తుకు ఒక పుస్తకము వలయును; ఆ పుస్తకములో ఆ గుర్తు పదిసార్లు, పదిరకములైన మాటలలో, కథకు సహజముగ రావలెను. తెలుగు వ్రాసినట్లే చదువుదుము గనుక తెలుగునకు ఇట్టి పుస్తకముల యవసరము లేదని చెప్పువారు, ఒక్క పూట రెండవ తరగతిలో కూర్చుండి 'ప్రేమ' చదివింపవలెనని నా మనవి.

వ్రాతను గూర్చియు ఒక్క మాట. మన బడులలో చదువును వ్రాతకు కట్టివేసితిమి. 'అ' గుండ్రముగ దిద్దుట వచ్చునంతవరకు 'ఆ' చూపరు. పసివ్రేళ్లకు బలపము పట్టెడి బలము ఆలస్యముగ వచ్చును; కన్నులకును చెవులకును ఆ యాలస్యము లేదు. చేతి కొరకు కన్ను నిలిచి వేచియుండుట వృథా. ఇసుకలో, పలకమీద దిద్దుట సాగనిండు. దాని ప్రక్కనే చదువు దాని వేగమున అది పోవలెను.

పిల్లల పుస్తకములు వ్రాయుట తెలుగున తక్కువపనిగ ఎంచబడుచున్నది. ఈ మెట్టు పుస్తకములనైతే రచనగనే పరిగణింపరు. ఛందోనియమములకు లోబడి పద్యము చెప్పగలవారికి, నిరోష్ఠ్యములు కూర్చి పెదవులు తగులక కావ్యము నడిపించిన జాతివారికి, గుడి కొమ్ములు లేక ఎనిమిది పుటల కథ చెప్పుట దుస్సాధ్యము కాదు. పేరుగలిగిన కథకులు దీనికి పూనుకొనవలెను. అక్షరము పెద్దదిగ, మాటకును మాటకును నడుమ ఎడము విరివిగ నుండి, పసివాని చేతిలో చినిగినను తల్లి నొచ్చుకొనని వెలకు దొరకవలెను. మెట్టునకు ఒక్కటి చాలదు, పది కావలెను, ఏలయన ఒక్కటే యున్నచో మూడవ దినమున వాడు దానిని చదువడు, అప్పగించును.

నా అట్టల పెట్టెలో దీర్ఘమునకు, గుడికి, కొమ్మునకు, సున్నకు కథలున్నవి. ఎత్వ ఏత్వముల మెట్టునకు నాకు ఇంకను మంచి కథ కుదరలేదు. మేక, మేత, చేను, నేల, వేప, తేనె, పేడ, రేగు, గేదె, లేగ, చెరువు, చెలిమి, వెదురు, వెలుగు, ఇవి యన్నియు వరుసగ వ్రాసిపెట్టుకొని యున్నాను. లేగ తప్పిపోయిన కథ యొకటి మొదలిడి, అది దొరికెడి చోట వత్తు లేని మాట దొరకక నిలిచిపోయినది. చదువరులలో ఎవరికైన ఆ లేగను ఇంటికి చేర్చు ఉపాయము తోచినచో వ్రాసి పంపుడు. వేసవి సెలవులు ముగిసి బడి తెరచిన వారమే పిల్లలచేత చదివింతును.